చేతులు వెనక్కి కట్టుకున్న గోల్‌కీపర్

2024 ఎండాకాలం. తిరుపతిలో ఒక దినపత్రికకు క్రీడావార్తలు రాయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. జిల్లాలు రెండైనా మా పేజీ మాత్రం ఒకటే. కాబట్టి నగరిలో ఎవరు బ్యాటు పట్టినా, పుత్తూరులో ఎవరు కూత పెట్టినా నా దగ్గరికే వచ్చేది. హాకీ మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు మొదటిసారి వచ్చింది.

నగరిలో మరమగ్గాలు నడుపుకునే దామోదరం కూతురు హేమ, యూరప్‌లో జరుగుతున్న ఒక జూనియర్ బాలికల అంతర్జాతీయ టోర్నీకి మన దేశ జట్టులో గోల్‌కీపర్‌గా ఎంపికైంది. పదకొండో ఏట క్రీడా హాస్టల్‌కు వెళ్లిపోయిన పిల్ల. తల్లిదండ్రులు ఆమె ఆటను బడి మైదానంలో చూడటమే. అప్పట్లో ముందు వరుసలో ఆడేది. ప్యాడ్లూ హెల్మెట్టూ తగిలించుకుని గోల్ ముందు నిలబడటం హాస్టల్‌కు వెళ్లాక నేర్చింది. ఆ వేషంలో ఆమెను ఇంట్లో ఎవరూ చూడలేదు.

నగరి రాత్రికి రాత్రి హాకీ ఊరైపోయింది. నేత కార్మికుల సంఘం హాల్లో పెద్ద తెర కట్టారు. గోడకు పద్దెనిమిది మంది పిల్లల ఫొటోలు అంటించారు. హేమను చూడటానికని వచ్చినవాళ్లు మిగతా పిల్లలకూ అభిమానులైపోయారు. జార్ఖండ్ అమ్మాయి పరుగు బాగుంటుందని ఒకరు, ఒడిశా అమ్మాయి కొట్టే దెబ్బకు తిరుగులేదని ఇంకొకరు వాదించుకునేవారు. నియమాలు మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియవు.

"పచ్చ కార్డు సూపించినాడే, మంచికా సెడ్డకా అప్పా?"

"పచ్చంటే పొమ్మనే కదా! పోతా ఉండాది సూడు."

తప్పు చేసినవాళ్లను రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టడానికి చూపేది పచ్చ కార్డు. ఆ సంగతి నేను చెబితే, "రెండు నిమిషాలకి ఇంత రంగెందుకు సార్?" అన్నారు.

ఇంగ్లీషు వ్యాఖ్యానం అర్థం కాదని తెరకు శబ్దం ఆపేసి, మైకు మునిరత్నానికి అప్పగించారు. మునిరత్నానికి సౌండు సర్వీసు షాపు ఉంది. కబడ్డీ పోటీలకైనా ఉట్ల తిరునాళ్లకైనా ఆ చుట్టుపక్కల మైకు అతనిదే, గొంతు కూడా అతనిదే. హాకీ గురించి తెలిసింది అందరిలాగే కొంచెం. అది మైకులో వినిపించేది కాదు.

మొదటి మూడు మ్యాచుల్లో హేమ బయటే కూర్చుంది. జట్టుకు ఇద్దరు గోల్‌కీపర్లు. రెండో అమ్మాయి వయసులో పెద్ద, అనుభవం ఉన్నది. మ్యాచ్‌ల రోజుల్లో పిల్లల ఫోన్లు మేనేజరు దగ్గరే ఉంటాయి. ఏం జరుగుతోందో అడుగుదామంటే దారి లేదు. మూడో మ్యాచ్ అయిన సాయంత్రానికి ఊళ్లో ఒక మాట పుట్టింది: మన పిల్లకు అన్యాయం జరుగుతోంది.

నాలుగో మ్యాచ్ రోజున నేను నగరి వెళ్లాను. నేను రాయవలసింది 'కలర్ స్టోరీ', అంటే గెలుపోటముల లెక్క కాకుండా చూసేవాళ్ల సందడి మీద రాసేది. ఆట మన వేళకు సాయంత్రం అయిదున్నరకు మొదలు. ఎనిమిదికల్లా నా కథనం డెస్కుకు చేరాలి. హాలు బయట మునిరత్నం ఒక కాగితం చూపించాడు. విజయవాడలో క్రీడాధికారులకు ఇచ్చే అర్జీ. శిక్షకులు పక్షపాతం చూపిస్తున్నారని, విచారణ జరపాలని రాసి ఉంది. కింద అరవై దాకా సంతకాలు. తండ్రి సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉంది.

"ఈ పొద్దు ఆట గూడా సూసి పెడతానన్నాడు దామోదరన్న. నాయన సంతకం లేకుంటే బరువుండదు సార్. రేపు మధ్యాన్నం రేణిగుంటలో రైలెక్కి నేనే తీసకపోతా" అన్నాడు.

దామోదరం పక్కనే ఉన్నాడు. సన్నటి మనిషి. "పిల్ల ఆడ వాళ్ల చేతి కింద ఉండాది సార్. ఈ కాగితం పోతే దాన్ని యింకేమన్నా అంటారేమోనని బయం. పోకుంటే, నాయనుండీ అడగలేదే అంటాదేమోనని బయం" అన్నాడు. అతని భయంలో రెండో సగం పెరుగుతున్నదని అతని ముఖమే చెబుతోంది.

ఆట మొదలయ్యే ముందు ఇంటర్నెట్లో మ్యాచ్ షీట్ చూశాను. ఎవరెవరు ఆడుతున్నారో నిర్వాహకులు పెట్టే జాబితా అది. గోల్‌కీపర్‌గా రెండో అమ్మాయి పేరు, ప్రత్యామ్నాయాల్లో హేమ పేరు. నోటుబుక్కులో రాసుకున్నాను. నా భుజం మీదుగా అది చూసి మునిరత్నం మైకులో చెప్పేశాడు: "ఈ పొద్దు గూడా మన పిల్లని కూర్సోబెట్టేసినారయ్యా!" హాలంతా ఉసూరుమంది.

హాకీ ఆట పావుగంట చొప్పున నాలుగు భాగాలు. మొదటి భాగం గోల్ లేకుండా అయింది. విరామంలో తెర మీద ప్రకటనలు, హాల్లో టీలు. రెండో భాగంలో బంతి చాలాసేపు అవతలి గోల్ దగ్గరే తిరిగింది. నెట్ నెమ్మదించి తెర మీద బొమ్మ మసకబారింది. ఇవతల పసుపు చొక్కా గోల్‌కీపర్ ఒంటరిగా, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"అద్దో సూడండయ్యా! పార్కులో వాకింగుకొచ్చినట్టు సేతులు ఎనక్కి కట్టుకోని నిలబడింది ఈయమ్మి! మన పిల్లైతే ఇట్లా నిలబడతాదా?" అన్నాడు మునిరత్నం. హాలంతా నవ్వింది. దామోదరం కూడా నవ్వాడు.

అప్పుడే అవతలి జట్టు ఎర్ర చొక్కా అమ్మాయి ఒకతె బంతిని తీసుకుని దూసుకొచ్చింది. కీపర్ కాళ్ల మధ్య నుంచి గోల్.

"పాయె! మన హేముంటే ఆ గోలు పడేదా? గోడప్పా, గోడ మా హేమ!" అన్నాడు మునిరత్నం మైకులో.

తలుపు దగ్గర ఆడవాళ్ల గుంపులో హేమ తల్లి సరోజమ్మ కూర్చుని ఉంది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది, తాగలేదు. లేచి నిలబడి అంది, "ఆడేది మా పిల్లే."

ముందు వరుస వెనక్కి తిరిగింది.

"మా పిల్లే అంటా ఉండా. ఆ నిలబడేది మా హేమే."

"వొదినా, లిస్టులో ఆ పిల్ల పేరుండాది. సార్ గూడా సూసినాడు" అన్నాడు మునిరత్నం, మైకు చేత్తో మూసి.

"లిస్టు నాకు తెలీదు."

"మొగమే కనపడలేదే నీకు, ఇనప బోను తగిలించుకుని ఉంటే!"

"మొగమెందుకు?" అందామె.

దామోదరం సిగ్గుపడ్డాడు. "కూర్సోయే. పిల్ల మీద బెంగతో యాడ సూసినా పిల్లే కనపడతాది దీనికి" అని నా వైపు చూసి నవ్వబోయాడు. నేను సరోజమ్మ వైపు తిరిగి చాలా మర్యాదగా, "లేదమ్మా, జాబితాలో వేరే అమ్మాయి పేరుంది" అన్నాను. ఆమె కూర్చుంది.

ఆఖరి భాగంలో అదే పసుపు చొక్కా మీద పెనాల్టీ కార్నర్ పడింది. అంటే గోల్ గీత దగ్గరి నుంచి బంతిని బయటికి తోసి, బలంగా కొట్టడానికి అవతలివాళ్లకు దొరికే అవకాశం. కీపర్ పక్కకు పడి కాలితో ఆపింది. మనవాళ్లు రెండు ఒకటితో గెలిచారు. చప్పట్లు కొట్టింది కొద్దిమందే. దామోదరం లేచి వెళ్లి అర్జీ మీద సంతకం పెట్టాడు. పెడుతుండగా ఫొటో తీసుకున్నాను.

ఏడున్నరకు కథనం పంపించాను. నాలుగో మ్యాచ్‌లోనూ హేమకు నిరీక్షణే అన్నది శీర్షిక. కింద తండ్రి సంతకం పెడుతున్న ఫొటో. 'హేమ ఉంటే ఆ గోల్ పడేది కాదు' అన్న మునిరత్నం మాటను చుట్టూ గీతల పెట్టె కట్టి వేశారు. పేజీ బాగా వచ్చిందని డెస్కు నుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

మరుసటి రోజు పదకొండింటికి దామోదరం ఫోన్ చేశాడు. మొదట ఏడుపా దగ్గా తెలియలేదు.

"సార్, పిల్ల మాట్లాడింది సార్. ఈ పొద్దు సెలవంట, ఫోన్లు ఇచ్చినారంట. రెండో భాగమూ నాలుగో భాగమూ అదే ఆడిందంట సార్. ఇద్దరికీ చెరి సగం ఇచ్చినారంట. మీ పేపరు ఎవరో దానికి పంపించినారు. 'ఆ గోలు నేనే కదా నాయనా ఇచ్చింది, నువ్వు సూడలేదా?' అని అడిగింది సార్."

మ్యాచ్ షీట్ మళ్లీ తెరిచాను. పైన ఉన్నవి ఆట మొదలుపెట్టిన పదకొండు మంది పేర్లు, కింద ప్రత్యామ్నాయాలు. ఆట నడుస్తుండగా ఎవరు లోపలికి వెళ్లారో, ఎవరు బయటికి వచ్చారో అందులో ఉండదు. ఒక గోల్‌కీపర్ చాలాసార్లు ఇంకొకరికి సగం ఆట వదలడం హాకీలో మామూలేనని నాకు ఎక్కడో తెలుసు కూడా. తెలిసిందేదీ ఆ సాయంత్రం పనికి రాలేదు.

"మునిరత్నం ఫోను ఎత్తడం లేదు సార్. రేణిగుంటకి పోయినాడు. మీకు దగ్గిర. ఆ కాగితం పోనియ్యబాకండి సార్. నా పిల్ల పొట్ట మీద నేనే కొట్టినట్టయితాది."

బండి మీద రేణిగుంట వెళ్లాను. రెండో ప్లాట్‌ఫారం మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని మునిరత్నం ఇడ్లీ తింటున్నాడు. సంగతి చెప్పాను. నమ్మలేదు.

"మీరే రాసినారు కదా సార్, ఆడలేదని?" ఫైలు తెరిచి చూపించాడు. అర్జీకి నా కథనాన్ని జతచేసి పిన్ను కొట్టాడు. "ఇదో, సాక్ష్యం."

"నేను రాసింది నువ్వు మైకులో చెప్పిందే కదయ్యా!"

"నేను మీ చేతిలో లిస్టు సూసే కదా మైకులో చెప్పింది!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతను నన్ను నమ్మాడు, నేను అతన్ని నమ్మాను, ఊరు మా ఇద్దరినీ నమ్మింది. రైలు వచ్చింది. మునిరత్నం ఎక్కలేదు. గొంతు తగ్గించి అడిగాడు: "అయితే సార్, పార్కులో వాకింగన్నానే... ఆ పిల్లనేనా?"

అర్జీ తీసుకుని ఇద్దరం నగరి వెళ్లాం. మగ్గాల షెడ్డులో ఆరు మగ్గాలు మోతగా ఆడుతున్నాయి. దామోదరం అర్జీ తీసుకుని, తన సంతకం ఉన్న చోట ఒకసారి చూసి, నాలుగు ముక్కలు చేశాడు. నేను సరోజమ్మ దగ్గరికి వెళ్లి, ఆ మోతలో గట్టిగా, క్షమించమన్నాను. ఆమె వినిపించుకోలేదు. నా చేతుల వైపే చూస్తోంది.

"సార్, మగ్గం దగ్గిర ఉండారు. సేతులు ఎనక్కి కట్టుకోండి!"

కట్టుకున్నాను. అలా కట్టుకున్నాక అర్థమైంది.

ఆడుతున్న మగ్గంలో పోగును మోసుకెళ్లే నాడె గుండు దెబ్బలా అటూ ఇటూ పోతుంటుంది, బెల్టులు తిరుగుతుంటాయి. చిన్న పిల్లల వేళ్లు పోతాయని, షెడ్డులో అడుగుపెడితే చేతులు వెనక్కి కట్టుకోవాలని నడక వచ్చినప్పుడే నేర్పుతారు. హేమకు నేర్పింది సరోజమ్మే. బంతి దూరంగా ఉంటే ఆ పిల్ల చేతులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. వెనక్కి తిరిగి చూస్తే, గుమ్మంలో మునిరత్నం తప్పు చేసినవాడిలా నిలబడి ఉన్నాడు. అతను కూడా నేతింటి పిల్లాడే. చేతులు వెనక్కే ఉన్నాయి.

"మరి మాకెందుకు తెలీలేదమ్మా?" అన్నాను.

"మీరంతా బంతిని సూస్తా ఉండారు" అందామె, తెగిన పోగు ముడివేస్తూ.

సవరణ అంటే మా పేజీలో అడుగున రెండు వరుసలు. ఈసారి అలా వద్దని, తప్పు ఎంత పెద్దదిగా వేశామో దిద్దుబాటు అంతే వేయాలని డెస్కుతో వాదించాను. గోల్ ఇచ్చింది హేమే, పెనాల్టీ కార్నర్ ఆపింది కూడా హేమే అని మరునాడు అదే చోట వచ్చింది. ఆఖరి మ్యాచ్ రోజు మునిరత్నం మైకు పక్కన కుర్చీ వేసి సరోజమ్మను కూర్చోబెట్టాడు. ప్రతి భాగం మొదట్లో మైకు మూసి, "వొదినా?" అని అడిగేవాడు. ఆమె తల అడ్డంగానో నిలువుగానో ఊపేది. ఆ తర్వాతే అతను నోరు తెరిచేవాడు.

ఎవరైనా ఒక మాట చెబితే, 'నీకెట్లా తెలుసు' అని అడగడం మా వృత్తిలో మొదటి పాఠం. నేను కొత్తవాళ్లకు చెప్పే పాఠం కూడా అదే. ఆ సాయంత్రం హాల్లో ఆ ప్రశ్న మునిరత్నాన్ని అడగలేదు, నన్ను నేను అడుక్కోలేదు. సరోజమ్మను అడిగి ఉంటే జవాబు ఆమె దగ్గర సిద్ధంగా ఉంది.

అప్పటి నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. నాలుగో మ్యాచ్ పేజీలో, స్కోరు కింద, 'తల్లి: ఆడేది మా పిల్లే' అని రాసుకున్నాను. హేమ గురించి ఆ పేజీలో ఉన్న నిజమైన సమాచారం అదొక్కటే. దాని మీద అడ్డంగా ఒక గీత ఉంది. కొట్టింది నేనే.