మూడో నాలా దాటించిన టైర్లు

మే మొదటి వారంలో, ఉదయం పదకొండున్నరకు లడఖ్‌లోని మా ఆర్మీ బేస్‌లో దిగాను. ఎత్తు పన్నెండు వేల అడుగులు. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. మా కోరుట్లలో ఆ వేళకు తలకు తువ్వాల లేకుండా బయటికి పోలేం. అక్కడ రెండు స్వెట్టర్లు తొడిగినా వణుకు ఆగలేదు. ఊపిరి అలవాటు పడాలని ఆరు రోజులు ఊరికే కూర్చోబెట్టారు. ఏడో రోజు పికప్ తాళంచెవి చేతిలో పెట్టారు.

బేస్ నుంచి చివరి పోస్టుకు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. బియ్యం, కిరోసిన్, కూరగాయలు, ఉత్తరాలు మోయాలి. దారిలో మూడు నాలాలు, అంటే మంచు కరిగి పారే వాగులు. మూడోది చెడ్డది. అడుగున బండరాళ్లు. రెండు వారాల్లో నాలుగుసార్లు బండి పొట్ట రాయికి తట్టి అక్కడే కూర్చుంది. నాలుగోసారి సుబేదార్ సాబ్ స్వయంగా వచ్చి చూశాడు. పెద్ద టైర్లు వేయమన్నాడు. ఏవి వేయాలో నన్నూ మెకానిక్‌నూ తేల్చుకోమన్నాడు.

మెకానిక్‌ది సిరిసిల్ల. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. వాళ్ల నాన్న సాంచాల మీద గుడ్డ నేసేవాడు. నాది కోరుట్ల అని తెలిసిన రోజు నుంచి నన్ను తమ్మి అనే పిలిచాడు.

పాత టైర్ల ఎత్తు ఇరవై ఎనిమిది అంగుళాలు. స్టోర్లో ముప్పై ఒకటివి ఉన్నాయి, ముప్పై మూడువీ ఉన్నాయి. ముప్పై మూడు చూడగానే నా మనసు వాటి మీద పడింది.

"అన్నా, గివే ఏద్దాం. ఏ రాయి తాకది."

"రాయి తాకది. కని ఇంజన్ గుంజాలె గద. ఈడ మనకే ఊపిరాడ్తలేదు, దానికాడ్తదా? ముప్పై ఒకటి సాలు."

"పెద్దగుంటెనే మంచిదన్నా."

"సరే తమ్మి, నడిపేది నువ్వు. ఎక్కించి సూద్దాం."

ఎక్కించాం. ఖాళీ బండి ఏనుగులా నడిచింది. మర్నాడు ఎనిమిది వందల కిలోల లోడుతో బయలుదేరాం. అతను నా పక్కన కూర్చున్నాడు. మొదటి నాలా దాటాక గట్టి మలుపు. స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. లోడుకు బండి కిందికి దిగి ఉంది. ముందు టైరు మడ్‌గార్డు లోపలి ఇనుముకు పట్టుకుంది. స్టీరింగ్ ఆగిపోయింది. బ్రేకు తొక్కాను. అంత బరువు చక్రాలకు అది ఆలస్యంగా పట్టింది. బండి ఆగేసరికి లోయ అంచు చెయ్యంత దూరంలో ఉంది.

అతను హ్యాండ్‌బ్రేకు లాగాడు.

"నా దిక్కు నుంచి దిగు తమ్మి. మెల్లగ."

అంతే. 'నేను ముందే చెప్పిన గద' అని అతను అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. తిరిగొచ్చి ముప్పై ఒకటి వేశాం. మడ్‌గార్డు అంచు రెండు వేళ్ల మేర కోశాడు. లోడు వేయించి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి, సందులో వేళ్లు పెట్టి చూశాడు. రాళ్ల మీద టైర్లలో గాలి తగ్గించి నడపడం నేర్పాడు.

"టైరు రాయిని కొట్టొద్దు తమ్మి. పట్టుకోవాలె."

జులైలో ఒకరోజు ఇద్దరం చివరి పోస్టులో సామాన్లు దింపుతున్నాం. మేం వెళ్లగానే చాయ్ తెచ్చే వంటవాడు ఆ రోజు రాలేదు. బంకర్లో గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు నీలం. ఊపిరి తీస్తే ఛాతీలో నీళ్ల చప్పుడు. ఆ ఎత్తులో ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెంటనే కిందికి దింపాలి. మబ్బుకు హెలికాప్టర్ రాలేకపోయింది. పదకొండు పదికి రేడియోలో సుబేదార్ సాబ్ గొంతు వచ్చింది: "పికప్‌లో తీసుకురండి. ఒంటిగంట లోపు మూడో నాలా దాటాలి. ఓవర్."

ఎండ ముదిరితే మంచు కరిగి నీళ్లు పెరుగుతాయి. మేం చేరేసరికి పన్నెండు నలభై. అప్పటికే మోకాలి పైకి ఉన్నాయి. వంటవాడు వెనుక సీటులో ఆక్సిజన్ మాస్కుతో పడుకుని ఉన్నాడు.

"అన్నా, రాళ్లు కనవడ్తలేవు."

మెకానిక్ దిగి నాలుగు టైర్లలో గాలి తగ్గించాడు. జాకీ రాడ్డు తీసుకున్నాడు.

"నేను ముందట నడుస్త. నా చెయ్యి సూడు. నీళ్లు సూడకు."

నా వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ నీళ్లలోకి దిగాడు. రాడ్డుతో రాళ్లు తడుముతూ ఎడమకూ కుడికీ చెయ్యి ఊపాడు. నలభై మీటర్లు. నడిమధ్యలో తూలి నడుం దాకా మునిగాడు. లేచాడు. మళ్లీ చెయ్యి ఊపాడు. ఒక్కసారి బండి కింద రాయి గీసుకున్న చప్పుడైంది. బండి ఆగలేదు. పన్నెండు యాభై ఎనిమిదికి అవతలి గట్టెక్కాం.

వంటవాడు బతికాడు. మెకానిక్ కుడికాలి రెండు వేళ్లకు స్పర్శ పోయింది, మళ్లీ రాలేదు.

ఏడాదిన్నరకు అక్కడ నా డ్యూటీ ముగిసింది. జగిత్యాలలో బస్సు మారి ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. నాకో పికప్ ఉంది. రాయికల్, మల్యాల వైపు నుంచి పసుపు, మక్కలు తోలుతాను. టైర్లు మార్చాలంటే సిరిసిల్లకు ఫోన్ చేస్తాను. "ఏం లోడు? ఏ తొవ్వ?" అని అడిగి సైజు చెప్తాడు. నేను ఎదురు చెప్పను.

సైన్యంలో ఏం చూశావని ఇక్కడ చాలామంది అడుగుతారు. నాకు గుర్తొచ్చేది నాలా దాటిన రోజే. ఆ సాయంత్రం నాలుగింటికి వంటవాణ్ణి డాక్టర్లకు అప్పజెప్పి బయటికి వచ్చాను. మెకానిక్ బండి పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. తడి బూట్లు విప్పేశాడు. పాదాలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గాలి తక్కువతో ఇరవై ఆరు కిలోమీటర్లు నడిచిన టైరు వేడెక్కి ఉంది. దానికి రెండు అరికాళ్లూ ఆనించి కళ్లు మూసుకున్నాడు. నా అడుగుల చప్పుడు విని కొంచెం జరిగాడు.

"రా తమ్మి, కూసో. ఎచ్చగున్నది."

నేనూ బూట్లు విప్పి పక్కన కూర్చున్నాను.