మూలనున్న స్తంభం

గుమ్మఘట్ట దగ్గర, రాయల కాలం నాటి గుడికి కాపలా ఉండే ముసలాయన చేతిలో ఎప్పుడూ ఒక అద్దం ముక్క ఉండేది. దానితో చీకటి మండపంలోకి ఎండను మళ్లించి, స్తంభాల మీది శిల్పాలను ఒక్కొక్కటే చూపించేవాడు. మూలనున్న చివరి స్తంభం దగ్గరికి రాగానే అద్దం దించేసేవాడు.

"అది మళ్లొచ్చినప్పుడు సూపిస్తాలేప్పా. ఈడికి ఎవురొస్తారు? నువ్వన్నా రావల్ల గదా!"

మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అదే మాట. చివరిసారి విసుక్కున్నాను కూడా.

ఈ ఏడు వెళితే ఆయన లేడు. చనిపోయి నెలయిందని గొర్రెలు మేపుతున్న ఆమె చెప్పింది. అద్దం మండపం గోడ గూట్లో ఉంది. ఎండ పట్టి ఆ స్తంభం మీద వేశాను.

ఒక్క బొమ్మా లేదు. చెక్కకుండా వదిలేసిన రాయి. రోజూ ఆయన ఆనుకుని కూర్చునే చోట మాత్రం తలనూనె మరక నల్లగా మెరిసింది.