బాల్కనీలో మనిషి

ఖటోదరాలోని మా స్టూడియోలో ఆమెను అందరం అక్కా అనేవాళ్లం. బిల్డర్లు ఇంకా కట్టని ఇళ్లకు మేం వీడియోలు చేసేవాళ్లం. బొమ్మల్ని వీడియోగా మార్చేంత బలం మా మెషీన్లకు లేదు కాబట్టి, నల్లటి తెరమీద కమాండు కొట్టి ఆ పనిని ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు పంపాలి. ఎంటర్ నొక్కేటప్పుడు అక్క మెల్లగా "పోయిరా" అనేది, ఊరికి బయల్దేరిన మనిషితో అన్నట్టు.

మరమగ్గాల మీద పనిచేసిన ఆమె భర్త ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాత చేసిన కామ్‌రేజ్ అపార్ట్‌మెంట్ల వీడియోలో, ఒక బాల్కనీలో గళ్ల చొక్కా మనిషి కనిపించాడు. ఎవరని అడిగాను.

"మీ బావ. భేస్తాన్‌ల ఒక్క రూములనే బతుకంతా గడిపిండు. బాల్కనీ ఉన్న ఇల్లు కావాలనేటోడు. గిట్లనన్న నిలబడనీ అనుకున్న."

బిల్డర్ వీడియో చూసి ఆ మనిషిని తీసెయ్యమన్నాడు. ఖాళీగా ఉంటేనే కొనేవాళ్లకు అది తమ ఇల్లనిపిస్తుందట. అక్క ఆ బొమ్మను తీసేసి, కమాండు మళ్లీ కొట్టింది. ఈసారి "పోయిరా" అనలేదు.

మధ్యాహ్నానికి వీడియో ఫ్రేములన్నీ తిరిగొచ్చాయి. అక్క మొహం తిప్పుకుంది.

"జర నువ్వే చూడు తమ్మీ. నాతోటి కాదు."

ఒక్కొక్కటే తెరిచి చూశాను. బాల్కనీలో ఎండ తప్ప ఏమీ లేదు.

"సాఫ్‌గ వచ్చినయా?" అని అడిగింది.

"వచ్చినయక్కా," అన్నాను.