మల్లి ఊపిరి

రాయికల్‌లో ఓదెలు ఆటో ఎక్కని మనిషి తక్కువ. ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీది నుంచి పడి తుంటి విరిగాక చెట్టెక్కే మోకు పక్కన పెట్టి ఆటో పట్టాడు. మంచం మీద కదలలేకుండా ఉన్న ఆ నెలల్లోనే ఎక్కడిదో ఒక పిల్లికూన వచ్చి అతని పొట్ట మీద పడుకోవడం మొదలుపెట్టింది. మల్లి అని పేరు పెట్టుకున్నాడు. "నాకంటె దాన్నే ఎక్కువ పిలుస్తడు" అని భార్య సాయమ్మ బీడీలు చుడుతూ దెప్పేది.

చలి తగ్గుతున్న రోజుల్లో మల్లికి దగ్గు పట్టుకుంది. మెడ ముందుకు చాచి, నేలకు కరుచుకుపోయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేది. వెంట్రుకలు మింగిందేమో అనుకున్నారు. ఊళ్లో పశువుల డాక్టరు సూది వేస్తే తగ్గింది, మళ్లీ వచ్చింది. మందు మారిస్తే కూడా అంతే. ఒక పొద్దున ఓదెలు లేచేసరికి మల్లి పొయ్యి పక్కన కూర్చుని నోరు తెరిచి రొప్పుతోంది. నాలుక నీలిరంగుకు తిరిగింది.

"సాయమ్మా, గా బుట్ట ఖాళీ చెయ్యి. జగిత్యాల తీస్కపోత."

సాయమ్మ అందులోని బీడీల తునికాకు కుమ్మరించి, బుట్టలో పాత చీర పరిచి ఇచ్చింది.

ఆటో వేగంగా పోనిస్తే కుదుపులు, మెల్లగా పోనిస్తే ఆలస్యం. గుంత వచ్చిన ప్రతిచోటా వెనక్కి తిరిగి బుట్టలోకి చూసుకుంటూ జగిత్యాల చేరాడు.

అక్కడ జంతువుల ప్రైవేటు క్లినిక్ నడిపే డాక్టర్ అలేఖ్య ముందు ఆక్సిజన్ పెట్టింది. తర్వాత పక్కటెముకల మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

"ఎడమ దిక్కు ఊపిరి సప్పుడు సరిగ్గ వినపడ్తలేదు. ఛాతిల నీళ్లు చేరినయేమో. లేకుంటే ఆస్తమా కావచ్చు. ఎక్స్‌రే తీస్తె తెలుస్తది గని, కరీంనగర్ పోవాలె. అంత దూరం ఇది తట్టుకుంటదని నేను చెప్పలేను."

"ఇంకో తొవ్వ లేదా మేడం?"

"ఛాతిల సూది పెట్టి చూడొచ్చు. నీళ్లుంటె తీసేస్త, ఎంటనే నిమ్మలమైతది. లేకుంటె సూది ఊపిరితిత్తికి తగిలే ప్రమాదముంటది. ఏం చేద్దామో మీరే చెప్పాలె."

చెట్టు మీది నుంచి పడ్డ రోజు ఓదెలు స్పృహలో లేడు. ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలో, ఏం చేయించాలో అంతా సాయమ్మే చూసుకుంది. ఆమెకే ఫోన్ చేశాడు.

"నన్నడుగుతవేందయ్యా? కండ్ల ముంగట పెట్టుకున్నది నువ్వు. నీకెట్ల తోస్తె గట్ల చెయ్యి. ఏమన్నయితె నిన్నేమన" అంది సాయమ్మ.

ఓదెలు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఈన్నే సూది పెట్టుర్రి మేడం."

డాక్టరమ్మ బొచ్చు గొరిగి సూది దింపింది. ఓదెలు ముందు కాళ్లు పట్టుకున్నాడు. సిరంజిలోకి ఏమీ రాలేదు. చోటు మార్చి చూసినా చుక్క లేదు. అతని చేతుల్లో మల్లి కాళ్లు మెత్తబడ్డాయి.

"నీళ్లు లేవు" అందామె. గొంతు తగ్గింది.

"పాయెనా మేడం?"

"లేదు. గట్లనే పట్టుకోండి."

సూది తీసేసి, ఆస్తమాయే అనుకుని శ్వాసగొట్టాలు విచ్చుకునే మందు, వాపు తగ్గించే మందు వరుసగా ఇచ్చింది. మళ్లీ ఆక్సిజన్ పెట్టింది. ఇక చేసేది లేక ఇద్దరూ నిలబడ్డారు. మల్లి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్లు లేనిచోట సూది పెట్టించిన పాపం తనదేనని ఓదెలు అనుకున్నాడు. బయట ఎవరో ఆటో కోసం కేకేస్తే పోలేదు. మధ్యాహ్నం దాటాక మల్లి నోరు మూసింది. ముక్కుతో పీల్చుకుని, కళ్లు తెరిచి అతన్ని చూసింది. ఓదెలు దాని తల నిమిరాడు.

"మా ఇంట్ల బీడీలు చేస్తరు మేడం. తంబాకు దుమ్ముతోనయిందా?"

"కావచ్చు, కాకపోవచ్చు. ఎందుకొచ్చిందో నాకు సుత తెల్వది. దుమ్ము దూరముంటె మంచిదే."

కొంచెం కోలుకున్నాక కరీంనగర్‌లో తీయించిన ఎక్స్‌రే కూడా ఏమీ తేల్చలేదు. సాయమ్మ బీడీ పనిని పక్కింటి నర్సక్క అరుగు మీదికి మార్చుకుంది. పొద్దున, సాయంత్రం చంటిపిల్లల మాస్కుతో మల్లికి డాక్టరమ్మ రాసిచ్చిన ఇన్‌హేలర్ పెట్టేది ఆమే. "ఆగవే, అయిపాయె" అని వీపు నిమురుతుంది. దగ్గు పూర్తిగా పోలేదు. అది వచ్చిన ప్రతిసారీ ఓదెలు చేతిలో పని ఆపేస్తాడు. మల్లి తేరుకుని లేచి నడిచాకే మళ్లీ కదులుతాడు.