దోసకాయ పక్కన వంకాయ

మనవరాలు నీటిరంగుల పెట్టె మూత తీస్తే వచ్చే తడిబంక వాసనకి నాకు ఇప్పటికీ మా డ్రాయింగు మాష్టారే గుర్తొస్తారు. గౌరవంతో మాత్రం కాదు. బందరులో కూరగాయల కొట్టువాడి కొడుకుని నేను. బొమ్మ వెయ్యమని ఆయన బల్లమీద పెట్టిన వంకాయ, దోసకాయ, మిరపకాయలైతే మా నాన్న ఆవుకి పడేసే రకం.

"రంగులకీ కుటుంబాలుంటాయిరా. ఎరుపు, పసుపుల కుటుంబాన్ని ముందు నిలబెట్టండి. నీలం, ఆకుపచ్చల వాళ్లని కాస్త తగ్గించి వెనక్కి పంపండి" అన్నారాయన. బాగా కుదిరిన బొమ్మని ఇన్‌స్పెక్టరుగారు వచ్చేనాటికి గోడకి పెడతారట. ఆ గోడ నాకు కావాలి.

తగ్గించడమేమిటి, మతిలేని బేరం! మా కొట్లో దోసకాయ పక్కన వంకాయ పెట్టేదే రెండూ మెరవాలని. ప్రతి కాయకీ రంగు దట్టించి, నీళ్లు చల్లినట్టు సుద్దముక్కతో చుక్కలు కూడా పెట్టాను.

"ఇది బొమ్మ కాదురా అబ్బాయ్, సంత!" అన్నారు మాష్టారు.

అది మెప్పనుకుని ఇంటికి పరుగెత్తి చెప్పాను.

"సంతన్నారా? పర్లేదు, ఆయనకీ కళ్లున్నాయి" అన్నాడు నాన్న.

గోడమీదికి ఎవరిదో పాలిపోయిన బొమ్మ ఎక్కింది. నాది మా కొట్లో వేలాడింది. బేరానికొచ్చిన ఒకావిడ దాన్ని చూసి, "ఏవిటయ్యా ఈ గోల? అసలు దేన్ని చూడమంటావు?" అంది.

మాష్టారు చెప్పిందీ అదే. అది తలకెక్కడానికి నాకు తల నెరవాల్సి వచ్చింది. ఆ పూట మాత్రం, ఏమీ కొనకుండా పక్కకొట్టుకి వెళ్లిన ఆవిడని కూడా ఏమీ తెలియనివాళ్ల కుటుంబంలో, మాష్టారి పక్కనే కూర్చోబెట్టాను.