సోనీకి తోడు పోయిన కృష్ణమ్మ

జహనుమా బస్తీ కృష్ణమ్మను మా జూలో ఎరగనివాళ్లు లేరు. జంతువుల వంటశాలలో పండ్లు, కూరగాయలు తరిగే పని ఆమెది. తరుగుతున్నంత సేపూ బతుకమ్మ పాటలు పాడుతూనే ఉండేది. ఆమెను ఆ పనిలో పెట్టింది నేనే. నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. అయినా హెడ్ కీపర్‌గా రిటైరయ్యాను. నా హయాంలో మొసలి గుడ్లు పొదిగించాను. తల్లి వదిలేసిన చిరుతపిల్లలను బతికించాను. మంత్రిగారి చేతుల మీదుగా రెండుసార్లు శాలువా కప్పించుకున్నాను. ఇప్పటికీ ఏ జంతువైనా మొండికేస్తే మాదన్నపేటలో మా ఇంటికే ఫోన్ వస్తుంది. గొప్ప కోసం చెప్పడం లేదని అనను, గొప్పే. కానీ సోనీ విషయంలో ఆ గొప్ప ఎవరికీ పనికిరాలేదు.

సోనీ మా జూలో పుట్టిన హూలాక్ గిబ్బన్. చూడవచ్చిన పిల్లలకు, తోక లేని పొడుగు చేతుల కోతి అని చెబుతాం. ఈ జాతి పిల్లలు లేత రంగులో పుట్టి, తర్వాత నల్లబడతాయి. ఈడుకొచ్చాక ఆడవి మాత్రం గోధుమరంగుకు తిరుగుతాయి. సోనీ తల్లికి పాలు పడలేదు. గిబ్బన్ పిల్ల పుట్టగానే తల్లి కడుపును కరుచుకుని ఉంటుంది. ఆ ఆసరా లేకపోతే బతకదు. కృష్ణమ్మ పాత చీర మడిచి ఆ పిల్లను కడుపుకు కట్టుకుని, అట్లాగే పని చేసుకుంది. సీసాతో పాలు పట్టింది. దిష్టి తగలకుండా బుగ్గన కాటుక పెట్టింది. పేపర్లో ఫోటో పడింది. ఆ ఫోటోలో కృష్ణమ్మ పక్కన నేనూ ఉన్నాను.

సోనీ గోధుమరంగుకు తిరిగాక, జోడీ కోసం అస్సాం నుంచి పింటూ అనే మగదాన్ని తెప్పించారు. జత కుదిరిందంటే గిబ్బన్లు పొద్దున్నే కలిసి గొంతెత్తి పాడతాయి. కుదరకపోతే కరుచుకుంటాయి. అందుకని రెండింటినీ పక్కపక్క గదుల్లో, మధ్య జాలీ పెట్టి కొన్ని వారాలు ఉంచారు. జాలీలోంచి చేతులు చాపి ఒకదాని వెంట్రుకలు ఒకటి దువ్వడం మొదలుపెట్టాయి. ఇక మధ్య తలుపు తీయవచ్చని డాక్టర్ రాగసుధ గారు నిర్ణయించారు. ఆమె కాకినాడ వైపు నుంచి వచ్చిన పశువైద్యురాలు. ఆ రోజుకు నన్నూ పిలిపించారు. సోనీ కృష్ణమ్మ చేతుల్లో పెరిగింది కాబట్టి, తలుపు తీసేటప్పుడు ఆమె దాని కంట పడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. కృష్ణమ్మ తల ఊపింది.

తలుపు తీసింది గిబ్బన్ల కీపరు డానియేలు. మేమంతా ముందువైపు తడిక వెనక నిలబడ్డాం. పింటూ మెల్లగా సోనీ దగ్గరికి వచ్చింది. అంతలో సోనీ ఒక్క ఊపున వెనక కిటికీకి ఎగిరింది. పింటూ దాని వెంటే పోయి భుజం మీద చెయ్యి వేసింది. సోనీ గిర్రున తిరిగి ఆ చేతిని కరిచింది. మేం విడదీసేసరికి పింటూ వేలు సగం తెగి వేలాడుతోంది. ఆ ముక్క తీసేయక తప్పలేదు.

డాక్టరమ్మ కోపమంతా డానియేలు మీదికి పోయింది. తలుపు చప్పుడు చేసి బెదరగొట్టావన్నారు. లేదని అతను ఎంత చెప్పినా వినలేదు. గిబ్బన్ల దగ్గర నుంచి తీసేసి పక్షుల వైపు పంపేశారు. తొందరపడ్డది అతనేనని నేనూ అన్నాను. నా మాటకు అక్కడ బరువుంది. కృష్ణమ్మ బకెట్ పట్టుకుని పక్కనే ఉంది. నా మాట విని, వంటశాల వైపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాకుండా గేటు దగ్గరే నిలబడింది.

"బాపు, డానియేలు ఏం చెయ్యలే. వెనక కిటికీ కాడ నేనున్న."

ఎందుకు పోయావని అడిగాను.

"ఆడిపిల్ల మొదటిసారి అత్తగారింట్ల కాలు పెడుతుంటే వెంట తోడు పోమా మనం? గదొక్కతే ఎట్ల పోతదనుకున్న. బెదురుకుంటే పెడదామని జాంపండు గిట పట్టుకపోయిన."

నిజమే, మాలో పెండ్లికూతురి వెంట ఒక పెద్దామె తప్పకుండా పోతుంది. కానీ సోనీకి కృష్ణమ్మ తోడు వచ్చిన మనిషి కాదు, తన మనిషి. ఆ మనిషికీ తనకూ మధ్యకు పింటూ చెయ్యి వచ్చింది, సోనీ కరిచింది.

డాక్టరమ్మకు మీరే చెప్పండని, మీరు చెబితే లొల్లి కాదని ఆమె బతిమాలింది. నాకు ఆ ఫోటో గుర్తొచ్చింది. డానియేలు గురించి నేనన్న మాటా గుర్తొచ్చింది. ఊ అనలేకపోయాను. ఆమె నా ముఖం చూసి, "వద్దులెండ్రి. తప్పు నాదైతే మీ నోట ఎందుకు" అని వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో నా గడప ముందు నేను అంత చిన్నబోయింది లేదు.

మర్నాడు చాయ్ వేళకు డాక్టరమ్మతో సహా అందరూ వంటశాల ముందు ఉన్నప్పుడు కృష్ణమ్మ లేచి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

అందరికన్నా ముందు డానియేలే అన్నాడు. "పిలవని పెండ్లికి పోయి పిలగాని వేలు తీయించినవ్ గదక్కా."

నలుగురు నవ్వారు. కృష్ణమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చూసి డానియేలు నవ్వు ఆగిపోయింది.

"నిన్ననే చెప్పాల్సింది కృష్ణమ్మా. అనవసరంగా అతన్ని అన్ని మాటలు అనేశాను," అన్నారు డాక్టరమ్మ. అందరి ముందే డానియేలును క్షమించమని అడిగి, గిబ్బన్లను మళ్లీ అతనికే అప్పగించారు. నేనూ అతని దగ్గరికి పోయి తప్పయిందన్నాను. అంత మెల్లగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. కృష్ణమ్మకు శిక్ష ఏమీ వేయలేదు. సోనీ వైపు ఇక రావద్దన్నారు, అంతే.

అప్పటి నుంచి ఆమె పాడటం మానేసింది. తన గొంతు సోనీ దాకా వినిపిస్తుందని భయం. పొద్దున్నే సోనీ ఒంటరిగా గొంతెత్తి పిలిచేది. వంటశాలలో కత్తిపీట ముందు ఈమె తల ఎత్తేది కాదు. ఎవరైనా చూడవచ్చినవాళ్లు, పేపర్లో పడ్డ గిబ్బన్ తల్లివి నువ్వే కదా అంటే, కాదనేది.

పింటూ చెయ్యి మానాక మళ్లీ తలుపు తీశారు. సోనీ చాలాసేపు ఆ కిటికీ వైపే చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఇప్పటికీ రెండూ కలిసి పాడలేదు. కానీ మొన్న నేను పోయినప్పుడు డానియేలు వంటశాలకు పరుగున వచ్చాడు.

"అక్కా, ఒక్క కొమ్మ మీద కూసున్నయ్. దూరంకెళ్లి సూద్దువు రా. సోనీకి కనబడవు."

"నేను రాను. వాని చెయ్యి సూసే మొకం లేదు నాకు," అంది కృష్ణమ్మ.

కత్తిపీట ముందు నుంచి లేవకుండానే, వాడు ఏ చేత్తో తింటున్నాడని అడిగింది. వేలు పోయిన చేత్తోనే, ముక్క జారిపోతున్నదని డానియేలు చెప్పాడు. కృష్ణమ్మ పింటూ కోసం తరిగిన బొప్పాయి ముక్కలు పక్కకు నెట్టి, కొత్త పండు తీసుకుని, పట్టుకోవడానికి వీలుగా పొడుగ్గా కోయడం మొదలుపెట్టింది.