పన్నెండు నిమిషాల కాళ్లు

సాయం చేద్దామని చెయ్యి పెట్టి నేను నాశనం చేసిన పనులన్నీ రాస్తే ఒక పుస్తకం అవుతుంది. అందులో బాపట్ల సంగతి మొదటి పేజీలోనే వేయాలి, అదీ పెద్ద అక్షరాల్లో. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులో ఫిలాసఫీ ఎమ్మే చేసి తెనాలి వచ్చాను. సినిమా గురించీ కళ గురించీ రాజకీయాల గురించీ ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ రాసినవన్నీ చదివాను. సగం అర్థమైంది. ఆ సగంతోనే ఊరిమీద పడ్డాను. మనం తెరను చూడటం లేదు, తెరే మనల్ని చూస్తోందని టిఫిన్ హోటల్లో ఒక పెద్దమనిషికి చెబితే, ఆయన ఇడ్లీ ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

మా వీధిలో కరీముల్లా భాయ్ పెళ్లి వీడియోలు తీస్తాడు. నిజాంపట్నంలో ఎండుచేపలు పెట్టే ఆడవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, తమ కష్టం మీద చిన్న సినిమా తీసిపెట్టమన్నారు. వాళ్లు చేపల్ని ఇసుకలోనే ఆరబెడతారు. వాన పడితే అంతా కుళ్లిపోతుంది. చేపలు ఆరేసుకోవడానికి వాళ్లకొక ఎత్తైన సిమెంటు చప్టా కావాలి. ఆ సినిమాని బాపట్లలో ఒక పెద్ద అధికారికి చూపించి అడగాలని వాళ్ల ఆశ. భాయ్ చక్కగా తీశాడు. అందరి తరఫునా నాగమ్మ అనే పెద్దావిడ కెమెరా ముందు నిలబడి అంతా విడమరిచి చెప్పింది.

నా ఖర్మ కాలి, ఎడిటింగుకి భాయ్ నన్ను పిలిచాడు.

"ఈ మొహాలు తీసేద్దాం భాయ్," అన్నాను.

"ఎందుకండీ?"

"మొహం చూస్తే జాలి పుడుతుంది. జాలి పుట్టిన చోట రాజకీయం చచ్చిపోతుంది."

"మరి మాటలండీ?"

"వాళ్ల మాటలు మనం వినిపించడం కూడా పెత్తనమే. మౌనంగా ఉంచుదాం."

పెళ్లి వీడియోలో పెళ్లికూతురి మొహం తీసేస్తే ఇంటికొచ్చి కొడతారని భాయ్ గొణిగాడు. పాపం, చదువుకోలేదు కదా అనుకున్నాను. చివరికి మిగిలిందేమిటంటే, కెమెరా ఆపడం మర్చిపోయి ఆయన ఇసుకలో నడిచినప్పుడు పడిన ఆడవాళ్ల కాళ్లు. పన్నెండు నిమిషాలు, చడీ చప్పుడూ లేకుండా.

సినిమా చూపించే రోజు పని మానుకుని పదిమంది ఆడవాళ్లు బాపట్ల వచ్చారు. తెర మీద తనని చూస్తుందని నాగమ్మ రేపల్లె నుంచి చెల్లెల్ని కూడా పిలిపించుకుంది. దీపాలు ఆర్పారు. కాళ్లు నడిచాయి. మళ్లీ నడిచాయి. "నువ్వెక్కడే అక్కా?" అని చెల్లెలు అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

అధికారి మంచివాడు, కళ్లార్పకుండా మొత్తం చూశాడు. "సమస్య అర్థమైందండి. ఎండలో ఉత్త కాళ్లతో తిరుగుతున్నారు. అందరికీ చెప్పులు ఇప్పిస్తాం," అన్నాడు. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

మౌనం గురించి వివరిద్దామని లేవబోయాను. ఈలోగా నాగమ్మ లేచింది.

"చెప్పులొద్దయ్యా. చేపలకి చప్టా కావాలి."

తర్వాత ఐదు నిమిషాలు మాట్లాడింది, నేను తీసేసిన ప్రతి మాటా. అధికారి కాగితం తీసుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను చదివిన పుస్తకాలన్నిటిలో లేని రాజకీయం ఆ ఐదు నిమిషాల్లో చూశాను.

బయటికొచ్చాక నాగమ్మని క్షమించమని అడగబోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"బాగా చదువుకున్నావంట గదా బాబూ," అంది. "నా మొహం తీసేసేటప్పుడు నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

చప్టా మరుసటి ఏడు వచ్చింది. అధికారి ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు కాబట్టి చెప్పులు మాత్రం వారంలోనే వచ్చాయి. అందులో ఒక జత నాగమ్మ భాయ్ చేత నాకు పంపింది, "నీ సినిమాకి వచ్చినవి ఇవే, నువ్వే తొడుక్కో" అనే కబురుతో సహా.

అవి నాకు రెండు సైజులు చిన్నవి. అయినా దాచుకున్నాను. వాటి మీద చెయ్యి వేసి ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను: ఫ్రెంచివాళ్లు చెప్పినా, జర్మన్లు చెప్పినా, నోరు తెరిచి మాట్లాడుతున్న మనిషి మీద ఈ జన్మలో మళ్లీ కత్తెర వేయను.